పుట్టగొడుగుకి హీరో వేషం!

'ఫెంటాస్టిక్ ఫంగై' చూశారా? 2019లో వచ్చిన ఈ డాక్యుమెంటరీకి వ్యాఖ్యానం 'కెప్టెన్ మార్వెల్' హీరోయిన్ బ్రీ లార్సన్‌ది. హీరో మాత్రం పుట్టగొడుగే! అది చూసి, జ్ఞాపకశక్తి కోసం 'లయన్స్ మేన్' పుట్టగొడుగు బిళ్ళలు కొనబోయే కుర్రకారుకి నాదో మాట.

2009లో జపాన్‌వాళ్ళు ఆ బిళ్ళల్ని పరీక్షించి చూశారు. కాస్త మతిమరుపు మొదలైన 30 మందిలో కొందరికి 16 వారాలు అసలు బిళ్ళలు, కొందరికి ఉత్తుత్తివి ఇచ్చారు. అసలువి మింగినవాళ్ళకి జ్ఞాపకశక్తి మార్కులు పెరిగాయి, నిజమే. కానీ మానేసిన నాలుగు వారాలకే తగ్గాయి! పైగా వాళ్ళంతా 50 నుంచి 80 ఏళ్ళ పెద్దలు. ఇరవై ఏళ్ళవాళ్ళు ఇవి మింగి ఫస్ట్ క్లాసు కొట్టొచ్చని అందులో ఎక్కడా తేలలేదు. వేరే మందులు వాడేవాళ్ళయితే డాక్టర్ని అడగందే ముట్టుకోవద్దు.

నన్నడిగితే, పరీక్షలప్పుడు సెకండ్ షో మానేసి హాయిగా నిద్రపోండి. జ్ఞాపకశక్తికి అదే మందు, టికెట్ డబ్బులూ మిగులు!