బాసరకు ఎగువన హుజూర్ సాహిబ్

బాసర నుంచి గోదావరి వెంట ఎగువకు వెళితే నాందేడ్ వస్తుంది. రైల్లో సుమారు రెండు గంటల ప్రయాణం. ఆదిలాబాద్, నిర్మల్, భైంసా వాళ్లకు పత్తి బేరాలకో చుట్టాల ఇళ్లకో వెళ్లి వచ్చే పొరుగూరే అది. సిక్కులకు మాత్రం అది మహాక్షేత్రం. సిక్కు మతంలో తఖ్త్‌లు (మత నిర్ణయాలు వెలువడే అత్యున్నత పీఠాలు) ఐదు. మూడు పంజాబ్‌లో, ఒకటి బిహార్‌లోని పట్నాలో ఉన్నాయి. ఐదోది నాందేడ్‌లోని హుజూర్ సాహిబ్.

అది సిక్కుల పదో గురువు కన్నుమూసిన చోటు. పంజాబ్ గురువుకు గోదావరి తీరంలో ఏం పని? దీనికి జవాబు మొగలుల వారసత్వ తగాదాలో ఉంది. 1707లో ఔరంగజేబు చనిపోయాడు. బతికున్న కొడుకుల్లో పెద్దవాడైన బహదూర్ షా ఢిల్లీ గద్దె ఎక్కాడు. తమ్ముడు కాంబక్ష్ దక్కన్‌లో తానే రాజునన్నాడు. అతణ్ని అణచడానికి బహదూర్ షా దక్షిణానికి దండెత్తాడు. పదో గురువు గురు గోవింద్ సింగ్ ఆ సైన్యంతో పాటు వచ్చి నాందేడ్‌లో ఆగారు. అక్కడే ఆయనపై కత్తితో దాడి జరిగింది. 1708 అక్టోబరులో కన్నుమూశారు. ఇకపై మనిషి రూపంలో గురువు ఉండడని, ఆదిగ్రంథమే గురువని ఆయన చెప్పింది కూడా ఇక్కడే. బహదూర్ షా ముందుకు సాగి, 1709 మొదట్లో హైదరాబాద్ దగ్గర తమ్ముణ్ని ఓడించాడు.

ఇప్పుడున్న కట్టడాన్ని 1830లలో లాహోర్ పాలకుడు మహారాజా రంజిత్ సింగ్ కట్టించారు. దాదాపు అదే కాలంలో, చందూలాల్ హైదరాబాద్ దివాన్‌గా ఉన్నప్పుడు, లాహోర్ నుంచి సిక్కు సిపాయిలు నిజాం కొలువుకు వచ్చారు. చాలామంది ఇక్కడే స్థిరపడ్డారు. దక్కనీ సిక్కులంటే ప్రధానంగా వీళ్ల వారసులే. వీళ్లకు అమృత్‌సర్ దూరం, నాందేడ్ దగ్గర. హుజూర్ సాహిబ్ ఆచారాలూ కొన్ని పంజాబ్‌కు భిన్నంగా ఉంటాయి. సాయంత్రం దీపాలతో హారతి ఇస్తారు. రోజూ గోదావరి నుంచి బిందెతో నీళ్లు తెస్తారు. ఆదిగ్రంథంతో పాటు దశమ్ గ్రంథాన్నీ (గురు గోవింద్ సింగ్ రచనలుగా చెప్పే సంకలనం) కొలువుంచుతారు. సిక్కులంటే అందరూ ఒకే అచ్చు అనుకునేవాళ్లు ఒకసారి చూసి రావాల్సిన చోటు.

దారి సంగతికి వద్దాం. నాందేడ్ 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఒక జిల్లా. 1956 నవంబర్ 1న రాష్ట్రాన్ని భాషల వారీగా విడదీశారు. మరాఠీ ప్రాంతాలు బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. జిల్లాల గీతలూ కదిలాయి. అంతకు ముందు నాందేడ్ జిల్లాలో ఉన్న ముథోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు ఇటు వచ్చి ఆదిలాబాద్‌లో కలిశాయి. ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్ తాలూకా అటు వెళ్లింది. అందుకే ఆదిలాబాద్‌లో నాందేడ్ రైలెక్కితే, కిన్వట్ మీదుగా దాదాపు ప్రయాణమంతా మహారాష్ట్రలోనే సాగుతుంది. అయినా ఆదిలాబాద్ స్టేషన్ నాందేడ్ రైల్వే డివిజన్ కిందిది. ఆ డివిజన్‌కు పై ఆఫీసు సికింద్రాబాద్‌లో ఉంది. రాష్ట్రాల గీతను రైల్వే పట్టించుకోలేదన్నమాట.

కరీంనగర్ వాళ్లకు ఈ దారి ఆలస్యంగా తెరుచుకుంది. పెద్దపల్లి–నిజామాబాద్ లైను 2017లో పూర్తయింది. ఇప్పుడు నిజామాబాద్ చేరి, అక్కడ రైలు మారి బాసర మీదుగా వెళ్లవచ్చు. పంజాబ్ యాత్రికులకు అమృత్‌సర్ నుంచి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఒకటిన్నర రోజుల ప్రయాణంలో కొన్ని స్టేషన్లలో భక్తులే ఉచితంగా అన్నం పెడతారు. విమానం కథ మాత్రం నిలకడగా సాగలేదు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం (చిన్న పట్టణాలకు సబ్సిడీ విమానాలు) కింద ప్రారంభమైన తొలి సర్వీసుల్లో హైదరాబాద్–నాందేడ్ ఒకటి. తర్వాత దాన్ని నడిపిన కంపెనీయే మూతపడింది. 2020 మార్చి లాక్‌డౌన్‌లో వేలమంది పంజాబ్ యాత్రికులు నాందేడ్‌లోనే చిక్కుకుపోయారు. ఏప్రిల్ చివర బస్సులు వచ్చేదాకా వాళ్లకు గురుద్వారాలే తిండి, నీడ ఇచ్చాయి.

అంటే యాత్రికుడి బాగోగులు చివరికి గురుద్వారా నిర్వహణపై ఆధారపడతాయి. ఆ నిర్వహణ ఎవరిది? పంజాబ్ గురుద్వారాలను అమృత్‌సర్‌లోని శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ నడుపుతుంది. దానికి ఆధారం 1925 నాటి పంజాబ్ చట్టం. నాందేడ్ నిజాం రాజ్యంలో ఉండేది కాబట్టి ఆ చట్టం ఇక్కడికి రాలేదు. హైదరాబాద్ శాసనసభ 1956లో, విభజనకు కొద్దిగా ముందు, హుజూర్ సాహిబ్ కోసం ప్రత్యేక చట్టం చేసింది. 17 మంది సభ్యుల బోర్డును ఏర్పరచింది. రాష్ట్రం పోయినా చట్టం పోలేదు. రాష్ట్రాల పునర్విభజన చట్టంలోని 119వ సెక్షన్ ప్రకారం, కొత్త రాష్ట్రం మార్చేదాకా పాత చట్టమే ఆ ప్రాంతంలో అమల్లో ఉంటుంది. మహారాష్ట్రలో హైదరాబాద్ చట్టం అమలు కావడం వెనకున్న కారణం ఇదే.

మార్చే అధికారం మహారాష్ట్రది. అది 2015లో చట్టం సవరించి, బోర్డు అధ్యక్షుణ్ని ప్రభుత్వమే నియమించేలా చేసుకుంది. 2024 ఫిబ్రవరిలో మంత్రివర్గం కొత్త చట్టానికి ఆమోదం తెలిపింది. దాని ప్రకారం 17 మందిలో 12 మంది ప్రభుత్వ నామినేటెడ్ సభ్యులు. అమృత్‌సర్ కమిటీ స్థానాలు నాలుగు నుంచి రెండుకు తగ్గుతాయి. సిక్కు సంస్థలు నిరసన తెలపడంతో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది.

పోలిక కోసం పాకిస్తాన్‌లోని కర్తార్‌పూర్‌ను చూడండి. 1947 దేశ విభజన గీతకు అవతల, సరిహద్దుకు నాలుగైదు కిలోమీటర్లలో ఉన్న ఆ గురుద్వారాకు వీసా లేకుండా వెళ్లే కారిడార్ 2019 నవంబరులో గానీ తెరుచుకోలేదు. దేశాల మధ్య గీత మనిషిని ఆపుతుంది. రాష్ట్రాల మధ్య గీత మనిషిని ఆపదు గానీ, అతని మాట చెల్లే చోటును మారుస్తుంది. కరీంనగర్ సిక్కు కుటుంబం ఏ రోజైనా నాందేడ్ వెళ్లి మొక్కుకోవచ్చు. అక్కడి బోర్డులో ఎవరుండాలో తేల్చే శాసనసభ మాత్రం ముంబైలో ఉంది. దానికి ఓటు వేసే హక్కు ఆ కుటుంబానికి లేదు. కాబట్టి ఆ బిల్లు మళ్లీ ముందుకొస్తే, తెలంగాణ సిక్కులు తమ అభ్యంతరమో అంగీకారమో ముంబైకి రాతపూర్వకంగా పంపుకోవాల్సిందే.