రెండు తలుపుల మధ్య దూరం

ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణీ స్త్రీలకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. 2016లో దేశమంతటా ఆరంభమైన ఈ ఏర్పాటు సూరత్‌లోనూ ఉన్నది. బరువు తూస్తారు, రక్తపోటు చూస్తారు, ఇనుము మాత్రలు ఇస్తారు. “మత్తు అలవాటేమైనా ఉన్నదా?” అన్న ప్రశ్న మాత్రం ఆ రద్దీలో సులభంగా జారిపోతుంది.

అడిగినా ఆమె లేదనే చెప్పవచ్చు. అది అబద్ధం కాదు. గుజరాత్‌లో ఎందరో స్త్రీలు బజ్జర్ అనే పొగాకు పొడిని పళ్ళకూ చిగుళ్ళకూ రుద్దుకుంటారు. వారి దృష్టిలో అది పళ్ళపొడి, వ్యసనం కాదు.

ఆ పొడి వంటి పొగాకు వల్ల శిశువుకు కలిగే నష్టమెంతో ముంబైలో తేలింది. 1,217 మంది గర్భిణులను పరిశీలించి 2004లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, నమిలే లేక రుద్దుకునే పొగాకు వాడిన తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. నెలలు నిండని కాన్పులూ వారిలోనే ఎక్కువ. రక్తహీనతతో బాధపడే తల్లి కడుపున అంతంతమాత్రంగా ఎదిగే శిశువుకు ఆ 105 గ్రాములు చిన్న లోటు కాదు. కనుక “పళ్ళు దేనితో తోముకుంటావమ్మా?” అని అడగడమే మేలు.

కొన్ని అలవాట్లకు హితబోధ చాలదు. సూరత్‌లోని లింబాయత్ వంటి పేటలలో మరమగ్గాలను నమ్ముకొని ఎన్నో తెలుగు కుటుంబాలు జీవిస్తున్నాయి. వీరిలో తెలంగాణ నుండి వెళ్ళిన పద్మశాలీలు అనేకులు. తెలంగాణలో కొన్ని చోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మత్తుమందులు కలుపుతారు. 2015లో అధికారులు ఆ కల్తీని అరికట్టినప్పుడు, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలలో పలువురు వణుకుతో, మతిభ్రమతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు.

గుజరాత్‌లో 1960 నుండి మద్యనిషేధం అమలులో ఉన్నది. కల్తీ కల్లుకు అలవాటుపడిన ఊరి నుండి అక్కడికి కాపురానికి వెళ్ళిన కోడలికి, అలవాటు హఠాత్తుగా తప్పితే మూర్ఛ రావచ్చు. గర్భిణికి మూర్ఛ వస్తే వైద్యులు మొదట గుర్రపువాతాన్నే శంకిస్తారు, శంకించవలసినదే. కాని రెండవ కారణం కూడా ఉండవచ్చునని వారికి తోచాలంటే ఆమె అలవాటు ముందే తెలిసి ఉండాలి.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఒక సూచన చేసింది: మద్యం, పొగాకు, ఇతర మత్తుపదార్థాల గురించి గర్భిణిని వీలైనంత త్వరగా, వచ్చిన ప్రతిసారీ అడగాలి. నిద్రమాత్రల వంటివి నిపుణుల పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించాలి. నల్లమందు జాతి మత్తులకు లోబడినవారికి ఒక్కసారిగా మాన్పించే బదులు మెథడోన్ లేదా బ్యూప్రెనార్ఫిన్‌తో చికిత్స చేయాలి. ఇది మంత్రసానికో, ప్రసూతి వైద్యురాలికో ఒంటరిగా సాధ్యమయ్యే పని కాదు.

సూరత్‌లోని న్యూ సివిల్ ఆసుపత్రిలోనూ, నగరపాలక సంస్థ నడిపే స్మిమేర్‌లోనూ ప్రసూతి విభాగమున్నది, మానసిక వైద్య విభాగమూ ఉన్నది. నడిచి పోదగిన దూరమే. కాని చీటీ ఒక్కటి చేతపట్టుకున్న స్త్రీకి ఆ దారి చాలా పొడుగు. మరొక పూట నిలబడితే రోజు కూలి పోతుంది. “పిచ్చివాళ్ళ డాక్టరు దగ్గరికా?” అని అత్తగారు నిలదీస్తుంది. తల్లే బిడ్డకు హాని చేసిందని లోకం అంటుందన్న భయం అన్నింటికన్నా పెద్దది.

ఆ చీటీకి తోడు ఒక మనిషి కావాలి. నర్సు వెంట వెళ్ళి మొదటిసారి పరిచయం చేయాలి. ఒక వైద్యుడు ఇచ్చిన మందేదో రెండవ వైద్యురాలికి తెలియాలి. పుట్టిన శిశువును కొన్నాళ్ళు కనిపెట్టి చూడాలి. ఆసుపత్రికి వెళ్ళే ధైర్యం ఇంకా లేనివారికి ఫోనులో సలహా చెప్పేవారున్నారు: పొగాకు మానదలచినవారు 1800-11-2356కు, ఇతర మత్తుల నుండి బయటపడదలచినవారు 14446కు డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు.

గర్భిణిగా ఉన్న ఆ నెలలలో స్త్రీకి మారాలన్న కోరిక బలంగా ఉంటుంది. ఆమె నిజం చెప్పిన క్షణాన ఎదుటి ముఖం చిట్లించుకుంటే, ఆ నిజం మళ్ళీ ఆమె నోట రాదు. “పదమ్మా, నేనూ వస్తాను” అన్న మాట వినబడితే, రెండవ తలుపు కూడా తెరుచుకుంటుంది.