అనిపించిందే నిజమైనప్పుడు

ఆదివారం ఫోను చేస్తానన్న కొడుకు చేయలేదు. ఒక తల్లి ‘పనిలో పడ్డాడేమో’ అనుకుని ఊరుకుంటుంది. ఇంకొక తల్లికి అదే సంగతి ‘వాడికి నేనంటే లెక్కలేదు’ అనడానికి రుజువవుతుంది. మరునాడు కొడుకు ఏ కారణం చెప్పినా సాకుగానే వినిపిస్తుంది. జరిగింది ఒకటే. తేడా అంతా మనసు దానికి చెప్పుకున్న భాష్యంలో ఉంది.

1960లలో కుంగుబాటు రోగుల మాటలు వింటూ, అమెరికన్ మనోవైద్యుడు ఏరన్ బెక్ (1921–2021) ఇటువంటి భాష్యాలలో కొన్ని పొరపాట్లు ఒకే తీరున పునరావృతం కావడం గమనించారు. ఒక్క సంఘటనతో ‘ఎప్పుడూ ఇంతే’ అని తేల్చేయడం, మనుషులను పూర్తి మంచి, పూర్తి చెడు అని విడదీయడం, ఎదుటివారి మనసు తెలిసిపోయిందనుకోవడం వాటిలో కొన్ని. అన్నిటికన్నా బలమైనది, ‘నాకలా అనిపిస్తోంది కాబట్టి అదే నిజం’ అనే తర్కం.

ఇవి అందరిలోనూ ఉన్నవే. నిద్ర చాలనినాడు, మాట పడ్డనాడు ఎక్కువవుతాయి, తర్వాత సర్దుకుంటాయి. మూర్తిమత్వ రుగ్మత ఉన్నవారిలో అవి యౌవనారంభానికే స్థిరపడి, దాదాపు ప్రతి సంబంధాన్నీ శాసిస్తాయి. పారనాయిడ్ తత్త్వానికి సాయంలోనూ కుట్ర కనిపిస్తుంది. బార్డర్‌లైన్ రుగ్మతలో నిన్నటి దేవుడు ఇవాళ ద్రోహి అవుతాడు. నార్సిసిస్టిక్ తత్త్వానికి చిన్న సలహా కూడా అవమానమే.

ఇక్కడ వాదన పనిచేయదు. భయంలో ఉన్న మనసుకు మన సాక్ష్యాధారాలు మరో దాడిలా తోస్తాయి. బార్డర్‌లైన్ రోగులకు ప్రత్యేక చికిత్సను రూపొందించి, 1993లో గ్రంథస్థం చేసిన మార్షా లినెహాన్ పద్ధతిలో మొదటి మెట్టు, బాధను గుర్తించడం. బాధను గుర్తించడం వేరు, దానినుండి తీసిన తీర్మానాన్ని ఒప్పుకోవడం వేరు. ‘ఎదురుచూసిన ఫోను రాకపోతే బాధగానే ఉంటుందమ్మా’ అనవచ్చు; ‘అవును, నిన్ను లెక్కచేయలేదు’ అననక్కరలేదు. అలాగని దూషణనూ హింసనూ భరించాలని కాదు. హద్దును నిదానంగా చెప్పి, దానికి కట్టుబడి ఉండటం ఇద్దరికీ మేలు.

రుగ్మతను నిర్ధారించడం నిపుణుల పని. ఇంట్లో మనం సాధారణంగా చేసేది ‘ఆ మనిషే అంత, మారదు’ అని ముద్ర వేయడం. ఒక్క మాటతో మనిషినంతటినీ తేల్చేసే ఆ తీర్పు కూడా బెక్ చెప్పిన పొరపాట్లలో ఒకటే. పైగా అది వాస్తవం కాదు. బార్డర్‌లైన్ రోగులను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనాలలో ఎక్కువమందికి లక్షణాలు తగ్గుముఖం పట్టాయి. యౌవనంలో తానూ అదే నరకాన్ని అనుభవించి ఆసుపత్రి పాలయ్యానని లినెహాన్ 2011లో బహిరంగంగా చెప్పారు.