మీకు తెలుసా? ఈకలతో కట్టిన పురుగే ఎర!
ఐర్లండ్‌లోని కోరిబ్ సరస్సులో ట్రౌట్ చేపల వేట ఏటా ఫిబ్రవరి 15న మొదలవుతుంది. ఫ్లై ఫిషింగ్ ప్రియులు మాత్రం మార్చి చివర్లో, ఏప్రిల్‌లో వచ్చే ‘డక్‌ఫ్లై’ అనే పురుగు కోసం కాచుకుని ఉంటారు.

దోమలా కనిపించినా ఇది కుట్టదు. దీని లార్వాలు సరస్సు అడుగున బురదలో పెరుగుతాయి. రెక్కలు విప్పుకోవడానికి ప్యూపాలు పైకి తేలి వస్తుంటే, ట్రౌట్‌లు దారిలోనే గుటుక్కుమనిపిస్తాయి.

అందుకే ఫ్లై ఫిషింగ్‌లో గాలానికి వానపామును గుచ్చరు. కొక్కేనికి ఈక ముక్కలు, దారం, వెంట్రుకలు చుట్టి అచ్చం ప్యూపాలా కడతారు.

సరస్సులోకి వెళ్లాక పడవను గాలికి అడ్డంగా తిప్పి, దాని మానాన కొట్టుకుపోనిస్తారు. గాలి జోరెక్కువైతే పారాచూట్‌లాంటి గుడ్డను నీళ్లలోకి వదిలి వేగం తగ్గిస్తారు. గాలాన్ని పడవ సాగే వైపే, గాలివాలుకు విసురుతారు.