నల్లిబొక్క, చిక్కుడుకాయల వంటకము



కుటుంబ చిత్రమంటే పిల్లలను వెంటబెట్టుకొని చూచేదని అనుకుంటాము. అయితే 2023 మార్చి 3న విడుదలైన 'బలగం' పెద్దలనే ఎక్కువగా ఏడిపించింది. వేణు యెల్దండి దర్శకత్వం వహించిన ఈ చిత్రాన్ని తెలంగాణలో ఎన్నో పల్లెల్లో ఆరుబయట తెరలు కట్టి చూపించారు. ఊరంతా, వృద్ధులతో సహా, నేలమీద కూర్చొని చూచింది. ఏళ్లుగా మాటలు లేని అన్నదమ్ములు అది చూచి కలిసిపోయారని పత్రికలు వ్రాశాయి.

సినిమా అంటేనే వద్దనే ఇండ్లు మన సంఘాల్లో ఉన్నవి. వారి మాటను తక్కువ చేయుట లేదు. కానీ ఈ కథ పెద్దలను ఎందుకు తాకిందో ఆలోచింపదగినది.

కొమురయ్య అనే వృద్ధుడు మరణిస్తాడు. పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఆ ఇంటి అల్లుడు నారాయణ, భోజనం వేళ నల్లిబొక్క దగ్గర మాట పడి అలిగి వెళ్లి, ఏళ్ల తరబడి అత్తగారి గడప తొక్కలేదు. కాకి ముట్టుట మన విశ్వాసము కాదు. అలుక మాత్రం మన ఇండ్లలోనూ ఉన్నది. పిల్లలకు నల్లిబొక్క నవ్వు తెప్పిస్తుంది. పెద్దలకు తమ ఇల్లు గుర్తుకు వస్తుంది.

ఇలాంటి కథ మరునాడు పనిలోకి వస్తుంది. గద్వాలలో మగ్గం దగ్గరైనా, విత్తన పత్తి చేలో క్రాసింగ్ చేసేటప్పుడైనా, వనపర్తి, నాగర్‌కర్నూల్ మార్కెట్ యార్డుల్లో పల్లీల కాటా కోసం కూర్చున్నప్పుడైనా మాట సాగుతుంది. “మా అన్న నాతో మాట్లాడడు” అని నలుగురిలో ఎవరూ చెప్పుకోరు. “నారాయణదే తప్పు” అనుట సులభము. అప్పుడు పక్క సాలులోని ఆమె, “ఆయనకు అయిన అవమానం గూడ చూడాలె గదా వదినా” అంటుంది. పరాయి ఇంటి కథ మాట్లాడుతూ, మన తగాదాలో ఎదుటివారి బాధను మొదటిసారి వింటాము.

వలసలతో చెదరిన మన పాలమూరు కుటుంబాలు అనేకం చావుకే కలుస్తాయి. కలిసి ఏడ్చి, మూడవనాడు బస్సెక్కుతాము. అసలు మాట ఎవరూ ఎత్తరు.

యాకోబు ఏశావుల తగాదాలోనూ ఒక తిండి ఉన్నది: చిక్కుడుకాయల వంటకము. తరువాత యాకోబు లాబాను ఇంట ఇరువది సంవత్సరాలు గడిపాడు. తిరిగి వచ్చినప్పుడు ఏశావు పరుగెత్తి వచ్చి కౌగిలించుకొన్నాడు. ఆ పిమ్మట ఇస్సాకు మరణిస్తే, ఇద్దరూ కలిసి తండ్రిని పాతిపెట్టారు. ఆదికాండములోని ఈ వరుసను గమనించండి: వారు తండ్రి బ్రతికి ఉండగానే సమాధానపడ్డారు. కొమురయ్యకు ఆ భాగ్యము దక్కలేదు.

కాబట్టి పనిలో నారాయణ మాట వస్తే మాట్లాడండి. సాయంత్రం మాత్రం మీ బావ ఇంటికో, అన్న ఇంటికో కబురు పంపండి. తల్లిదండ్రులు కన్నులారా చూచునట్లు ఒక పూట అందరూ కలిసి భోజనము చేయండి.