ఓటు మానుకునే స్వేచ్ఛ ఎవరిది?

గోదావరిఖని: ఎన్నికలు సమీపించిన ప్రతిసారీ బొగ్గుగనుల ప్రాంతంలో రెండు వాదనలు వినిపిస్తాయి. ఓటు వేయడం పౌరుల బాధ్యత అని అధికారులు ప్రచారం చేస్తారు. ఎవరికి వేసినా ఒరిగేదేమీ లేదని, పోలింగ్ కేంద్రానికే వెళ్లబోమని కొందరు ఓటర్లు అంటారు. ఓటు హక్కులో ఓటు వేయకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఇమిడి ఉన్నదా అన్నది ఈ రెండింటి నడుమ నిలిచిన ప్రశ్న. ఉన్నదనే చట్టం చెబుతోంది. అయితే ఆ స్వేచ్ఛ ఓటరుకు మాత్రమే చెందినది. ఓటరు తరఫున దానిని మరొకరు వినియోగించడానికి వీలులేదు.

చట్టంలో ఏముంది?

రాజ్యాంగంలోని 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు హక్కు కల్పించింది. కనీస వయసు 1989లో 21 నుంచి 18 ఏళ్లకు తగ్గింది. 51-ఎ అధికరణంలోని 11 ప్రాథమిక విధులలో ఓటు వేయడం లేదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం మరింత స్పష్టంగా ఉంది. ఎన్నికలలో పోటీ చేయడం, చేయకపోవడం, ఓటు వేయడం, వేయకుండా ఉండడం.. ఇవన్నీ కలిసి ‘ఎన్నికల హక్కు’ అవుతాయని 79(డి) సెక్షన్ నిర్వచించింది. అంటే ఓటు మానుకోవడం నేరం కాదు, హక్కులో భాగమే.

ఓటు వేయకుంటే జాబితా నుంచి పేరు తీసివేస్తారని, ప్రభుత్వ పథకాలు ఆగిపోతాయని సాగే ప్రచారానికి చట్టంలో ఆధారం లేదు. మరణం, నివాసం మారడం, రెండు చోట్ల నమోదు వంటి కారణాలకే పేరు తొలగించవచ్చు. పదవీ విరమణ చేసి కంపెనీ క్వార్టరు ఖాళీ చేసే కార్మిక కుటుంబాలు గమనించవలసింది ఈ నివాసం విషయాన్నే.

రిజిస్టరు నుంచి మీట వరకు

పోలింగ్ కేంద్రానికి వెళ్లి కూడా ఎవరికీ ఓటు వేయబోనని చెప్పే వీలు 49-ఓ నిబంధన ద్వారా గతంలోనూ ఉండేది. కానీ ఆ మాట ఎన్నికల అధికారికి చెప్పాలి. 17-ఎ రిజిస్టరులో నమోదు చేయించి సంతకమో వేలిముద్రో పెట్టాలి. బూత్‌లో కూర్చున్న ఏజెంట్లందరికీ విషయం తెలిసిపోతుంది. ఒకే గనిలో పనిచేసేవారు, ఒకే కాలనీలో ఉండేవారు ఎదురుగా కూర్చున్నచోట ఆ ధైర్యం చేయడం సులభం కాదు.

ఈ లోపంపై పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ 2004లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ పి.సదాశివం నేతృత్వంలోని ధర్మాసనం 2013 సెప్టెంబరు 27న తీర్పు వెలువరించింది. ఓటు వేసినవారికి రహస్యం ఉండి, తిరస్కరించినవారికి లేకపోవడం చెల్లదని పేర్కొంది. పార్లమెంటులో సభ్యులకు అవును, కాదు అనే మీటలతో పాటు తటస్థంగా ఉండేందుకు మరో మీట ఉన్న సంగతిని కూడా ప్రస్తావించింది. ఫలితంగా ఓటింగ్ యంత్రంపై ‘నోటా’ వచ్చింది. తెలంగాణ ప్రాంత ఓటర్లు సాధారణ ఎన్నికలలో దానిని మొదటిసారి 2014 ఏప్రిల్ 30న చూశారు. నోటాకు ఎక్కువ ఓట్లు పడినా, అభ్యర్థులలో అత్యధిక ఓట్లు పొందినవారే శాసనసభకు, లోక్‌సభకు ఎన్నికవుతారు. నోటా అసంతృప్తిని లెక్కలోకి తెస్తుంది గాని, ఫలితాన్ని మార్చదు.

భయపెట్టి ఆపితే?

1980వ దశకం నుంచి సింగరేణిలో పీపుల్స్‌వార్, దాని అనుబంధ సికాస ప్రభావం బలంగా ఉండేది. ఎన్నికలను బహిష్కరించాలని నక్సలైట్లు పిలుపునిచ్చేవారు. వేలిపై సిరా గుర్తు ఉంటే ఒకరి అనుమానం, లేకుంటే మరొకరి అనుమానం అన్న సంకట స్థితి అప్పటి ఓటరుది. ఆ నీడ చాలా కాలం కొనసాగింది. 2023 నవంబరు 30న జరిగిన శాసనసభ ఎన్నికలలో రాష్ట్రంలోని 13 నియోజకవర్గాలలో భద్రతా కారణాలతో సాయంత్రం 4 గంటలకే పోలింగ్ ముగించారు. మంథని, మంచిర్యాల, చెన్నూరు, బెల్లంపల్లి, భూపాలపల్లి వంటి బొగ్గుగనుల ప్రాంతాలు వాటిలో ఉన్నాయి.

ఓటు మానుకోవాలని ప్రచారం చేయడం వేరు, మానిపించడం వేరు. బెదిరించి ఓటు వేయించడమెంత నేరమో, బెదిరించి ఆపడమూ అంతే నేరం. డబ్బు ఇచ్చి ఇంటివద్దనే ఉండమనడం కూడా లంచమే. సమస్యలు తీరలేదని గ్రామమంతా బహిష్కరణకు తీర్మానించినా, ఓటు వేయదలచిన ఒక్కరిని సైతం అడ్డుకునే అధికారం ఆ తీర్మానానికి లేదు.

వేయలేకపోవడం వేరు

గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీలలో మరో సమస్య ఉంది. గని ఒక్కరోజు ఆగినా నీరు తోడే పంపులు, గాలినిచ్చే ఫ్యాన్లు ఆగకూడదు. పోలింగ్ రోజున వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135-బి సెక్షన్ నిర్దేశిస్తోంది. దినసరి కూలికి పనిచేసేవారికీ ఇది వర్తిస్తుంది. కాంట్రాక్టు కార్మికులు ఈ సంగతి తెలుసుకోవడం అవసరం. ఉల్లంఘించిన యజమానికి రూ.500 వరకు జరిమానా విధించవచ్చు. అయితే గైర్హాజరైతే ప్రమాదం లేదా భారీ నష్టం వాటిల్లే విధులలో ఉన్నవారికి ఈ సెలవు వర్తించదు. షిఫ్టు వల్ల ఓటు వేయలేకపోయిన కార్మికుని, ఇష్టపూర్వకంగా మానుకున్నవారిని ఒకే లెక్కన చూడడం న్యాయం కాదు. మొదటి వ్యక్తి స్వేచ్ఛను వినియోగించుకోలేదు, అవకాశాన్ని కోల్పోయాడు.

నిర్బంధ ఓటు పరిష్కారమా?

ఆస్ట్రేలియాలో 1924 నుంచి జాతీయ ఎన్నికలలో ఓటు తప్పనిసరి. కారణం లేకుండా మానితే జరిమానా పడుతుంది. గుజరాత్ ప్రభుత్వం స్థానిక సంస్థల ఎన్నికలలో ఇదే విధానం తేవడానికి 2009లో బిల్లు ఆమోదించింది. 2014లో గవర్నరు ఆమోదం లభించినా, 2015 ఆగస్టులో హైకోర్టు అమలును నిలిపివేసింది. అదే ఏడాది లా కమిషన్ తన 255వ నివేదికలో నిర్బంధ ఓటును సిఫారసు చేయలేదు.

జరిమానా లేకుండానే ఓటర్లు బారులు తీరిన ఉదాహరణ సింగరేణిలోనే ఉంది. కంపెనీలో గుర్తింపు సంఘాన్ని 1998 నుంచి రహస్య బ్యాలెట్ ద్వారా ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలలో 39 వేలకు పైగా కార్మికులకు గాను దాదాపు 94 శాతం మంది ఓటు వేశారు. ఏఐటీయూసీ గెలుపొందింది. మరో ఐదు నెలలకు జరిగిన లోక్‌సభ ఎన్నికలలో రాష్ట్రవ్యాప్త పోలింగ్ సుమారు 66 శాతమే. గని వద్దనే బ్యాలెట్ ఉండడం ఒక కారణం కావచ్చు. బదిలీ, ప్రమోషన్, వైద్యం, క్వార్టరు వంటి విషయాలలో తన తరఫున ఎవరు మాట్లాడాలో ఆ ఓటు తేలుస్తుందన్న నమ్మకం మరో కారణం.

ఇంటివద్ద ఉండిపోయిన ఓటరు మౌనానికి అర్థం ఎవరికి తోచినట్లు వారు చెప్పుకుంటారు. అది నిరసనా, నిర్లక్ష్యమా, భయమా, షిఫ్టు డ్యూటీయా అన్నది పోలింగ్ శాతంలో కనిపించదు. నోటా మీట నొక్కినవారి తిరస్కారం మాత్రం పేరు బయటపడకుండానే లెక్కకు ఎక్కుతుంది. వెళ్లాలా, వద్దా, వెళ్లి ఏ మీట నొక్కాలి అన్న మూడు నిర్ణయాలనూ చట్టం ఓటరు చేతిలోనే ఉంచింది.