పది గంటలు ఎవరివి?

ఆన్‌లైన్ క్యాలెండర్ ఎలా పనిచేస్తుందో యానాంలో పిల్లలకు చెబుతుంటే వచ్చిన ప్రశ్న ఇది: "సార్, తొమ్మిది నుంచి పది దాకా ఒక మీటింగు, పది నుంచి పదకొండు దాకా ఇంకోటి. పది రెండింట్లోనూ ఉంది కదా! మరి క్లాష్ అని ఎందుకు చూపించదు?" ఈ సాఫ్ట్‌వేర్ కీలకమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

మొదలయ్యే క్షణం మీటింగుదే, ముగిసే క్షణం మాత్రం దానిది కాదు. సరిగ్గా పదింటికి మొదటి మీటింగు అయిపోయింది, రెండోది మొదలైంది. మన పంచాంగకర్తలు చేసేదీ ఇదే. దశమి ఎన్ని గంటల దాకా ఉంటుందో వేస్తారు, ఏకాదశి ఎప్పుడు మొదలవుతుందో మళ్లీ వెయ్యరు. రెండు తిథులకూ చెందిన క్షణం లేదు, ఏ తిథికీ చెందని క్షణమూ లేదు. డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1982లో రాసిన చిన్న వ్యాసంలో అంకెల వరుసలకు ఇదే పద్ధతి మేలని వాదించాడు: మొదలును కలుపుకోవాలి, చివరను వదిలెయ్యాలి. అప్పుడు చివరలోంచి మొదలు తీసేస్తే చాలు, నిడివి వచ్చేస్తుంది.

ఇక క్లాష్ పట్టుకోవడం. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జేమ్స్ అలెన్ 1983లో ఒక పట్టిక ఇచ్చాడు. రెండు కాలవ్యవధులు ఒకదానికొకటి 13 రకాలుగా ఉండగలవు, అంతకు మించి లేవు. ఒకటి ముందే ముగిసిపోవచ్చు, రెండోదాన్ని తాకుతూ ముగియొచ్చు, కొంత మేర దాని మీదికి రావొచ్చు, పూర్తిగా దాని లోపలే ఉండొచ్చు, రెండూ ఒకేసారి మొదలవ్వొచ్చు, ఒకేసారి ముగియొచ్చు. ఈ ఆరూ, వీటిని తిరగేస్తే ఇంకో ఆరూ, రెండూ అచ్చంగా ఒకటే అయితే పదమూడోది. వీటిలో 9 క్లాషులు.

అయితే తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా వెతకాలా? అక్కర్లేదు. నాకు అన్నిటికన్నా ముచ్చటేసే చోటు ఇదే. క్లాష్ ఎప్పుడు అవుతుందని కాకుండా, ఎప్పుడు కాదని అడిగితే జవాబులు రెండే: మొదటిది ముగిశాక రెండోది మొదలవ్వాలి, లేదా రెండోది ముగిశాక మొదటిది. ఈ రెండూ కాకపోతే క్లాషే. అంటే మొదటిది మొదలయ్యేది రెండోది ముగిసే లోపు, రెండోది మొదలయ్యేది మొదటిది ముగిసే లోపు అయితే చాలు. రెండే పోలికలతో తొమ్మిది రకాలూ దొరికిపోతాయి.

ఖాళీ వేళలు వెతకడంలో ఇంకో సూక్ష్మం ఉంది. మీటింగులను మొదలయ్యే వేళ ప్రకారం పేర్చి, రెండింటి మధ్య ఎడం చూడాలి. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఒక మీటింగు, దాని లోపలే పది నుంచి పదిన్నర దాకా ఇంకోటి, తర్వాతది రెండింటికి అనుకుందాం. చివరగా చూసిన మీటింగు పదిన్నరకే ముగిసింది కదా అని అక్కణ్నుంచి ఖాళీ అంటే తప్పు. అప్పటిదాకా చూసినవాటిలో అన్నిటికన్నా ఆలస్యంగా ముగిసే వేళను గుర్తుంచుకుంటూ పోవాలి. అలా చూస్తే ఖాళీ ఒంటిగంట నుంచి రెండు దాకానే.

ఇంకో చిక్కు: ఒకే స్లాటును ఇద్దరు ఒకేసారి నొక్కితే? ఇద్దరికీ ఖాళీగానే కనిపిస్తుంది, ఇద్దరి పేరూ ఎక్కిపోతుంది. అందుకే చూడటం, రాయడం మధ్యలో ఇంకొకరు దూరే సందు ఉండకూడదు. 2010లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.0 డేటాబేస్‌లో ఒక నియమం పెట్టుకునే వీలు కల్పించారు: ఉన్నదాని మీదికి వచ్చే వ్యవధిని డేటాబేసే తిప్పికొడుతుంది.

మిగతా చరిత్ర త్వరగా చెప్పేయొచ్చు. 1998లో ఐక్యాలెండర్ ప్రమాణం వచ్చి, వేర్వేరు కంపెనీల క్యాలెండర్లకు ఒకే భాష దొరికింది. మీకు ఏం పనో చెప్పకుండా, తీరిక లేదన్న సంగతి మాత్రమే ఎదుటివారికి చేరవేసే ఏర్పాటు అందులోనే ఉంది. 2006లో గూగుల్ క్యాలెండర్, 2013లో క్యాలెండ్లీ వచ్చాయి.

ఆ ప్రమాణంలోనూ చివర చేరదు. ఆగస్టు 15 సెలవును 15న మొదలై 16న ముగిసినట్టు రాస్తారు. యానాంలో 16 కూడా సెలవే. 1954 నవంబరు 1న పాలన చేతులు మారినా, యానాం సహా పుదుచ్చేరిలోని ఫ్రెంచి ప్రాంతాలు చట్టరీత్యా భారత్‌లో కలిసింది 1962 ఆగస్టు 16న. ఆ రోజు పుదుచ్చేరి ప్రభుత్వ కార్యాలయాలకు సెలవు, పక్కనున్న కాకినాడలో పనిదినం. యానాం క్యాలెండర్లో ఈ రెండు సెలవులూ ఒకదాన్నొకటి తాకుతాయి, క్లాష్ మాత్రం అవ్వవు. కాకినాడ నుంచి యానాం ఆఫీసుతో మీటింగు పెట్టేవారు పుదుచ్చేరి సెలవుల పట్టికను కూడా ఎక్కించుకోవాలి. లేకపోతే సాఫ్ట్‌వేర్ ఆగస్టు 16ను ఖాళీ అనే చూపిస్తుంది. రెండు పోలికలూ సరిగ్గానే జరుగుతాయి, పోల్చాల్సిన రోజే లెక్కలోకి రాదు.